బెల్టుకు ఇంకో కన్నం

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు ఊరెళ్లిన కుర్రాణ్ణి చూడగానే మేనత్త నోట వచ్చే మాట: "కాస్త ఒళ్లు చేశావురా, ఇప్పుడు బాగున్నావు." మనవాళ్లకు ఇది దీవెన. పెళ్లయిన ఏడాదికి అల్లుడి బుగ్గలు నిండితే అత్తగారి వంటకు అదే సర్టిఫికెట్టు. లోపల రక్తనాళాల్లో ఏం జరుగుతోందో మేనత్తకు తెలియదు, కుర్రాడికీ తెలియదు. బీపీకి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

ఎప్పుడో ఆఫీసులో హెల్త్ క్యాంపు పెడితే బయటపడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లవాడు చొక్కా చెయ్యి పైకి లాక్కుని కూర్చుంటాడు. సిస్టర్ పట్టీ చుడుతుంది, అది అంచుల దగ్గర చాలీచాలకుండా అంటుకుంటుంది. 148/96. "మెట్లెక్కి వచ్చాను సిస్టర్, అందుకే." ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 146/94. "మీ మిషనే తేడాగా ఉంది."

నవ్వకండి, అతని మాటలో కొంత నిజం ఉండొచ్చు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి చేతికి చుట్టే పట్టీతో బీపీ కొలిచే సాధనం తయారుచేశాడు. ఆ పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. ఇరుకు పట్టీ లావు చేతిని అదమాలంటే గాలి ఎక్కువ కొట్టాలి, దాంతో అంకె ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. 1901లో ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ అనే జర్మన్ ఈ తప్పు పట్టుకుని పట్టీని వెడల్పు చేశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎన్నో క్లినిక్కుల్లో సన్నపిల్లకూ పహిల్వానుకూ ఒకటే పట్టీ. మోచేతికి పైన చేతి చుట్టుకొలత 32 సెంటీమీటర్లు దాటితే మామూలు పట్టీ సరిపోదు.

పెద్ద పట్టీ తెప్పించి, వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 కిందికి దిగకపోతే మాత్రం తప్పు మిషన్‌ది కాదు.

లావుకూ బీపీకీ ఉన్న సంబంధం ఏమిటంటే, గుండె ఎక్కువ ఒంటికి రక్తం తోడాల్సి వస్తుందని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది. కానీ అసలు వ్యవహారమంతా కిడ్నీల దగ్గర నడుస్తుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు మూలన పడేసిన బియ్యం బస్తా కాదు, అది గ్రంథిలా పనిచేస్తుంది. అది వదిలే లెప్టిన్ మెదడుకు చేరి నరాలను ఉసిగొల్పుతుంది. ఆ నరాలు కిడ్నీలను ఉప్పు బయటికి పోనివ్వవద్దంటాయి. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌కు ముడిసరుకు కూడా కొవ్వు నుంచి కొంత వస్తుంది. కిడ్నీల చుట్టూ చేరిన కొవ్వు వాటిని బయటినుంచి నొక్కుతుంది. ఇన్ని వైపులనుంచి ఒత్తిడి పడితే కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పున్నచోటికి నీరు చేరుతుంది. గొట్టాలు బిగిశాయి, వాటిలో పారేది పెరిగింది. బీపీ పెరగక ఏం చేస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలంటుంది, అంటే చెంచాడు. ఆవకాయ, అప్పడం, సాయంత్రం మిక్చరు ఉన్న ఇంట్లో ఆ చెంచా ఎప్పుడు దాటిందో తెలియను కూడా తెలియదు.

దీనికి తోడు గురక. మెడ చుట్టూ కొవ్వు చేరినవారిలో నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటుంది. ఆగిన ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడుతుంది, రాత్రిపూట తగ్గాల్సిన బీపీ తగ్గదు.

చిన్న వయసులో బీపీ వచ్చిందంటే నేరమంతా పొట్ట మీదే వేయకూడదు. కిడ్నీ జబ్బో, హార్మోన్ల తేడానో కావచ్చు, డాక్టరు ఆ పరీక్షలు రాస్తారు.

ఇంతకీ నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోచిన సంగతి అమెరికాది. 1985-86లో అక్కడ నాలుగు నగరాల్లో 18 నుంచి 30 ఏళ్ల యువతీయువకులు 5,115 మందిని 'కార్డియా' అనే అధ్యయనంలో చేర్చుకుని ఏళ్లతరబడి గమనించారు. పదిహేనేళ్ల లెక్క తీస్తే, ఎత్తుకు తగ్గ బరువు లెక్క పెరగకుండా నిలబెట్టుకున్నవారి బీపీ దాదాపు ఉన్నచోటే ఉంది. మొదట్లోనే కాస్త లావుగా ఉన్నవారిలోనూ అంతే. పెరిగినవారికి మాత్రం బీపీ కూడా వెంట పెరిగింది. అంటే ఎంత లావు అన్నదానితో పాటు, ఇరవైల్లో ముప్ఫైల్లో ఏటా ఎంత చేరుతోంది అన్నదీ చూసుకోవాలి. సన్నబడలేకపోతున్నానని దిగులుపడేవాళ్లకు నేనైతే ముందు ఇదే చెబుతాను: ఉన్నచోట ఆగు. తగ్గగలిగితే మరీ మేలు, కిలోకు ఒక పాయింటు చొప్పున పై అంకె దిగుతుందని సుమారు లెక్క.

మన భారతీయులకు ఊబకాయం గీత ముందే వస్తుంది. 170 సెంటీమీటర్ల పొడవున్న మనిషిని పాశ్చాత్య లెక్కలో 87 కిలోలకు గాని ఊబకాయుడు అనరు, భారతీయుల కోసం పెట్టుకున్న లెక్కలో 72 దాటితే చాలు. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 మించకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం మంది అధిక బరువువారే, దేశం మొత్తానికి అది 24 శాతం.

బెల్టుకు ఇంకో కన్నం పొడిపించుకున్న రోజే బీపీ చూపించుకోండి. టీ, సిగరెట్టు అయిన వెంటనే వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, కొలిచేటప్పుడు మాట్లాడకండి. పెద్ద పట్టీ ఉందా అని అడగండి. లేదంటే ఇంకోచోటికి వెళ్లండి.