బదిలీ ఆర్డరు తర్వాత మిగిలేది

ఉట్నూర్‌లో సోమవారం అంటే కేబీ కాంప్లెక్స్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి. ఉమ్మడి ఆదిలాబాద్ గూడేలన్నింటికీ పెద్ద ఆఫీసు ఉన్నది అక్కడే. పూర్తి పేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, జనం నోట మాత్రం ఐటీడీఏ. ఆశ్రమ పాఠశాల అన్నం దగ్గర్నుంచి చేను పట్టా దాకా ఏ గోడైనా చివరికి ప్రాజెక్టు అధికారి (పీవో) టేబుల్ మీదికి రావాల్సిందే. అర్జీ తెలుగులో ఉంటుంది, రాసింది ఇంకెవరో. తెచ్చిన పెద్దాయనకు గోండి తప్ప మరో భాష అంతగా రాకపోతే, 'ఏం కావాలి తాతా?' అని అడిగినప్పుడు చేతిలోని కాగితం ముందుకు చాపడమే జవాబు. కాగితంలోకి ఎక్కని సంగతి ఆయన కడుపులోనే ఉండిపోతుంది.

ఈ మౌనం టేబుల్‌కు ఇవతలి వైపూ ఉంటుంది. ఏ సర్కారు ఆఫీసైనా తీసుకోండి, ఫైలు ఎక్కడ ఆగిందో జూనియర్ అసిస్టెంట్‌కు తెలుసు, హాస్టల్‌కు సరుకు ఎందుకు తగ్గిందో వార్డెన్‌కు తెలుసు. నోరు విప్పితే మెమో వస్తుందన్న భయం ఉన్నచోట రివ్యూ మీటింగ్ అంతా 'అవుతోంది సార్, అయిపోతుంది సార్' అనే పాటతో గడిచిపోతుంది.

1990ల్లో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్క తీశారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది, అక్కడే ఎక్కువ తేలాయి. ఇంకొంచెం తవ్వితే అసలు విషయం బయటపడింది. ఆ వార్డుల్లో నర్సులు జరిగినదాన్ని దాచకుండా చెబుతున్నారు, మిగతా చోట్ల కప్పిపుచ్చుతున్నారు. ఆ తర్వాత గూగుల్ కంపెనీ తన టీముల్ని పరిశీలించుకున్నప్పుడు కూడా, భయం లేకుండా మాట్లాడగలగడమే మంచి టీముకు అన్నిటికన్నా ముఖ్యమని తేలింది.

ఆ భయం పోవాలంటే ముందు పైకుర్చీలో ఉన్నవాళ్లు ఒక మెట్టు దిగాలి. అది ఎలా ఉంటుందో ఉట్నూర్ ప్రాంతం కళ్లారా చూసింది.

2017 డిసెంబరులో ఎస్టీ జాబితా విషయమై ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య రగిలిన గొడవ ఉట్నూర్‌లో దాడుల దాకా వెళ్లింది. 144 సెక్షన్ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు, కలెక్టరునూ ఎస్పీనీ మార్చారు. ఆ వేడిలో వికారాబాద్ నుంచి ఆదిలాబాద్ కలెక్టరుగా వచ్చారు దివ్య దేవరాజన్. 2010 బ్యాచ్ ఐఏఎస్, పుట్టింది తమిళనాడులో. ఆదివాసీ పెద్దలతో కూర్చుంటే వాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేవారు. ఆమె గోండి నేర్చుకోవడానికి పూనుకున్నారు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమాలు చేసే కళాకారుడి దగ్గర పాఠాలు చెప్పించుకుని, మూడు నెలల్లో మాట్లాడే స్థాయికి వచ్చారు. కలెక్టరమ్మ 'రాం రాం' అని పలకరించి వాళ్ల మాటల్లోనే మంచీచెడూ అడిగేసరికి, పెద్దలు మెల్లగా మాట కలిపారు.

ఇందులో భాష సగమే. జిల్లా మొత్తానికి పెద్ద అధికారి 'నాకు రాదు, నేర్పండి' అని కూర్చుంటే, కింది ఉద్యోగి 'నాకు తెలియదు సార్, కనుక్కుంటాను' అనడానికి ఎందుకు జంకుతాడు? ఆమె అక్కడితో ఆగలేదు. ఆదిలాబాద్ రిమ్స్ ఆస్పత్రిలో గోండి తెలిసినవాళ్లను సమన్వయకర్తలుగా పెట్టించారు. జ్వరం ఎన్నాళ్ల నుంచి అంటే వేళ్లు చూపించి ఊరుకునే రోగికీ, చీటీ రాయాల్సిన డాక్టరుకూ మధ్య ఒక మనిషి దొరికాడు. నా లెక్కలో గోండి ప్రసంగాలకన్నా ఇది పెద్ద పని. ప్రసంగం బదిలీతో పోతుంది, పోస్టు ఉంటే పని నిలుస్తుంది.

2020 ఫిబ్రవరిలో ఆమె బదిలీ అయ్యారు. ఒక గూడెం వాళ్లు తమ ఊరికి దివ్యగూడ అని పేరు పెట్టుకున్నారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, అధికారి పేరు ఊరికి పెట్టడం ప్రేమకు ఎంత గుర్తో, తర్వాత వచ్చేవారు ఇలా ఉండరేమోనన్న అనుమానానికీ అంతే గుర్తు.

ఈ అనుమానానికి విరుగుడు వెతికినవాళ్లు ఇదే నేల మీద ఎనభై ఏళ్ల కిందటే ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో, నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం సర్కారుకు గోండుల గోడు వినక తప్పలేదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. కాస్తో కూస్తో చదువొచ్చిన గోండు యువకులను తీసుకుని ఉపాధ్యాయులుగా తయారుచేశారు, గోండిలోనే వాచకాలు రాయించారు. ప్రత్యేక అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి గోండి నేర్చుకోవడమే కాదు, ఆ భాషకు వ్యాకరణం కూడా రాశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని జనం మొర వినే దర్బారు కూడా ఆ రోజుల్లో పుట్టిందే, ఇప్పటికీ ఏటా జరుగుతోంది. ఎవరు కలెక్టరుగా ఉన్నా ఆ రోజు అక్కడికి రావాల్సిందే.

అంటే మార్లవాయి పద్ధతిలో గోండి వచ్చిన మనిషే బడిలో పంతులుగా కూర్చున్నాడు. పై అధికారి మంచితనం కోసం ఎదురుచూసే పని తగ్గింది. ఆఫీసు వాతావరణాన్ని మార్చాలనుకునే ఏ నాయకుడికైనా అసలు పరీక్ష నియామకాల దగ్గరే. తన గొంతు ఒక్కటే మెత్తగా ఉంటే చాలదు, కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరన్నది తేలాలి.

ఈ దారిలోనే 2000 సంవత్సరంలో జీవో నంబరు 3 వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. వందశాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చింది. ఆ జీవో స్థానంలో ఏదో ఒక ఏర్పాటు చేయాలని ఆదివాసీ సంఘాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.