‘ప్లెథోరా’ అంటే పుష్కలమేనా?

ఇంగ్లీషులో ‘అబండెన్స్’ అన్నా, ‘ప్లెథోరా’ అన్నా సమృద్ధి అని రాసేస్తాం. రెండూ ఒకటి కావు. మొదటిది కావలసినంత ఉండి ఇంకా మిగలడం. రెండవది హద్దు మీరడం. పూర్వం వైద్యులు ఒంట్లో రక్తం అధికమైందని తలిస్తే ‘ప్లెథోరా’ అనేవారు. దానికి చికిత్స సిర కోసి రక్తం తీసివేయడం! నేడు చాలామంది ఈ మాటను ‘బోలెడు’ అన్న అర్థంలోనే వాడుతున్నారు. నాకు మాత్రం పాత అర్థమే నచ్చుతుంది.

బెళుగుప్ప వంటి కరువు సీమలో ప్లెథోరాకు ఉదాహరణ ఎక్కడిది అంటారా? బోరునీటిని చూడండి. అనంతపురం జిల్లాలో అనేక చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే పళ్ళకు మేలే. 1.5 దాటితే పిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు పడవచ్చు. ఇంకా ఎక్కువైన నీటిని ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు.

చిత్రమేమిటంటే, ఈ ‘అతి’కి కొరత కూడా ఒక కారణం. వాన చాలక బోర్లు లోతుకు దించుతాం. అక్కడ గ్రానైటు పగుళ్ళలో చిరకాలం నిలిచిన నీరు రాతి ఖనిజాలలోని ఫ్లోరైడును కరిగించుకొని ఉంటుంది.

మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. ‘నల్గొండ పద్ధతి’లో సున్నం, పటిక కలిపి, తేర్చి, వడకడతారు. మోతాదును మాత్రం నీటిని పరీక్షించాకే నిర్ణయించాలి.