కాలేయములోని కొవ్వును కొలుచు కంప్యూటరు

గత మిరప కోతల కాలమున సత్తెనపల్లిలోని మా వైద్యశాలకు 52 ఏండ్ల రైతు ఒకరు వచ్చిరి. మద్యము ముట్టనివారు. భోజనానంతరము బడలికగా ఉన్నదని మాత్రమే చెప్పిరి. నాడి చూచితిని, నాలుక చూచితిని, కుడి డొక్క క్రింద వ్రేళ్లతో నొక్కి చూచితిని. యకృత్తు చేతికి తగులలేదు. అగ్నిమాంద్యమని తలచి చూర్ణమిచ్చి పంపితిని. రెండు నెలల పిదప, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయు కుమారుడు ఆయనకు ఎమ్మారై తీయించెను. కాలేయములో కొవ్వు 14 శాతమని ఆ కాగితమున ఉన్నది. 5 శాతము దాటిననే అధికము. నా వ్రేళ్లకు అందనిది యంత్రమునకు అందినది. ఈ మాట దాచుకొనుట ఎందులకు?

యకృత్తు రంజక పిత్తమునకు స్థానమని సుశ్రుతుడు చెప్పెను. దర్శన, స్పర్శన, ప్రశ్నములతో రోగిని పరీక్షింపవలెనని మన ఆచార్యుల ఆదేశము. కాని కన్నులు పచ్చబడి, పొట్టలో నీరు చేరువరకు చాలమందిలో ఈ అవయవము తన బాధను వెల్లడింపదు. అల్ట్రాసౌండ్ సైతము కొవ్వు 20 శాతమునకు లోబడి ఉన్నప్పుడు తరచు పసిగట్టలేదు.

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణములు లేవు, ఉన్నది అయస్కాంతము. నీటిలోని హైడ్రోజను, కొవ్వులోని హైడ్రోజను ఆ అయస్కాంత ప్రభావమునకు కొంచెము భిన్నముగా స్పందించును. సాఫ్ట్‌వేర్ ఆ రెండు సంకేతములను వేరుపరచి కొవ్వు వాటాను లెక్కకట్టును. ఆక్స్‌ఫర్డ్ పరిశోధనల నుండి పుట్టిన లివర్ మల్టీస్కాన్ అను సాఫ్ట్‌వేర్ ఇంకను ముందుకు పోయినది. కాలేయమున వాపు గాని, మచ్చకట్టుట గాని ఉన్నచో టీ1 అను కొలత పెరుగును. ఇనుము అధికముగా ఉన్నచో అదే కొలత తగ్గి రోగము మరుగుపడును. కావున ఈ సాఫ్ట్‌వేర్ ఇనుమును కూడ కొలిచి, దాని ప్రభావమును సవరించి ఫలితమును చూపును. 2015లో అమెరికాలోని ఎఫ్.డి.ఏ. దీనికి అనుమతినిచ్చెను.

అయితే కొవ్వు ఏల చేరెనో ఆ అంకె చెప్పదు. మధుమేహమా, మద్యమా, వైరసా, వాడిన మందులా అన్నది వైద్యుడు విచారింపవలసినదే. ఖర్చు కూడ ఎక్కువ. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ ముందు చేయించుకొనుట మేలు. పేస్‌మేకరు ఉన్నవారు ఆ సంగతి తప్పక ముందుగా తెలుపవలెను.

"అయ్యగారూ, నేల ఉసిరి రసం తాగితే ఈ పద్నాలుగు పోద్దా?" అని రైతు అడిగెను. పోదంటిని. మూలికయైనంత మాత్రమున కాలేయమునకు హాని చేయదని నమ్మరాదు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటింపగా ఆయుష్ శాఖ ఖండించెను. మావారు పలువురు కోపించిరి. నేను మాత్రము ఆనాటి నుండి తిప్పతీగ ఇచ్చుటకు ముందు రక్తపరీక్ష అడుగుచున్నాను.

ఆయనకు సాయంకాలపు బజ్జీలు, రాత్రి రెండవమారు అన్నము మాన్పించితిని. పొలమునకు మోటారు సైకిలు వలదు, నడువుమంటిని. శరీర బరువులో 7 నుండి 10 శాతము తగ్గినచో కొవ్వేగాక వాపు కూడ తగ్గును. కుమారుని సైతము పరీక్ష చేయించుకొనుమంటిని. హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఏ.ఐ.జి. ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రకటించిన అధ్యయనమున 345 మంది ఐ.టి. ఉద్యోగులలో 84 శాతమునకు కాలేయమున కొవ్వు కనబడినది.

82 కిలోలున్న రైతు ఇప్పటికి నాలుగు తగ్గిరి. సంక్రాంతి పిదప మరల కొలిపించి, ఆ కాగితము నాకు చూపుమంటిని.