లేజర్ ముందు వరుస కట్టిన కణాలు

ఒకప్పుడు నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా ఎముకల వైద్యానికే పేరుపడిన పంజాగుట్ట నిమ్స్‌కు ఇవాళ మెడలోనో చంకలోనో బిళ్లలు కట్టినవాళ్లు కూడా ఎందరో వస్తున్నారు. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్, అంటే లింఫోమా, అన్న అనుమానం వస్తే వాళ్ల రక్తమో, మూలుగో, బిళ్ల నుంచి తీసిన కణాలో ఫ్లో సైటోమీటర్ అనే యంత్రానికి చేరతాయి. డాక్టర్లు ముద్దుగా ‘ఫ్లో’ అంటారు. కణం పైపొర మీద ఏ గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు, ఉన్నాయో చదివి చెప్పడం దాని పని. ఆ చదువును మనం ఇంటి ముందు పేరుపలకను చదివినట్టుగా తీసుకుంటున్నాం. నా వాదన దానికి ఎదురుగా ఉంది. గ్రాహకం రాసిపెట్టిన పేరు కాదు, కణం నడవడిక. నడవడిక మారుతుంది కాబట్టి ఫ్లో రిపోర్టు ఆ రోజుకు మాత్రమే నిజం.

ఈ యంత్రం పుట్టింది లెక్కపెట్టడానికి. సన్నని రంధ్రం గుండా కణం దూరినప్పుడు విద్యుత్ నిరోధం మారుతుందని గ్రహించిన అమెరికన్ ఇంజనీరు వాలెస్ కోల్టర్‌కు 1953లో పేటెంట్ వచ్చింది. రక్తకణాలను చేత్తో లెక్కించే చాకిరీ దానితో తప్పింది. 1965లో లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్, ఇంక్‌జెట్ ముద్రణ నుంచి తెచ్చుకున్న ఉపాయంతో, కణాలున్న బిందువులకు విద్యుదావేశమిచ్చి పరిమాణాన్ని బట్టి వేరుచేశాడు. కానీ లింఫోసైట్ల దగ్గర పరిమాణం పెద్దగా పనికిరాదు. బి కణమైనా టి కణమైనా మైక్రోస్కోపు కింద అదే గుండ్రని చిన్న ముద్ద. స్టాన్‌ఫర్డ్‌లో లియొనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం 1969లో కణాలను వాటి మెరుపును బట్టి విడదీసే పద్ధతి చూపించాక దారి తెరుచుకుంది. ఇక కావలసింది ఒక్కో గ్రాహకాన్ని మాత్రమే గుర్తుపట్టి అతుక్కునే రంగు పూసిన అణువు. కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ 1975లో తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీలు ఆ లోటు తీర్చాయి. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. గ్రాహకాలకు ఒక్కో ల్యాబ్ ఒక్కో పేరు పెట్టుకుంటూ గందరగోళం పెరుగుతుంటే 1982లో పారిస్‌లో కూర్చుని వాటికి అందరూ వాడే సీడీ సంఖ్యలు ఖాయం చేశారు.

ఇప్పుడు యంత్రంలో కణాలు సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటిగా, సెకనుకు వేల చొప్పున లేజర్ ముందు నుంచి పోతాయి. ప్రతి కణం చెదరగొట్టిన కాంతీ, వెదజల్లిన రంగులూ నమోదవుతాయి. ఆరోగ్యవంతుడి బి కణాల్లో కొన్నిటి మీద కప్పా గొలుసు, కొన్నిటి మీద లాంబ్డా గొలుసు ఉంటాయి. అన్నీ ఒకే రకం మోస్తున్నాయంటే ఒకే తల్లికణం సంతతి అడ్డూ అదుపూ లేకుండా పెరిగిందని బలమైన అనుమానం. సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్‌లోనూ మాంటిల్ సెల్ లింఫోమాలోనూ సీడీ 5 కనిపిస్తుంది. అయితే సాధారణంగా సీఎల్‌ఎల్‌లో సీడీ 23 ఉండి సీడీ 20 మసకగా వెలుగుతుంది, మాంటిల్‌లో సీడీ 23 ఉండదు, సీడీ 20 ధగధగలాడుతుంది. వైద్యం వేరు కాబట్టి ఈ తేడా రోగికి ప్రాణంతో సమానం.

పేరుపలక కాదనడానికి మొదటి సాక్ష్యం 1971 నాటిది. లింఫోసైట్ మీది గ్రాహకాలకు యాంటీబాడీ తగిలించి వెచ్చగా ఉంచితే అవి పొర మీద ఈదుతూ ఒక కొసకు చేరి టోపీలా పోగుపడ్డాయి, తర్వాత కణం వాటిని లోపలికి మింగేసింది. చల్లగా ఉంచితే టోపీ కట్టలేదు. గ్రాహకాలు కదలకుండా కణాలను మంచులో పెట్టి, సోడియం అజైడ్ కలిపి రంగులద్దే అలవాటుకు మూలం ఇదే. సీఎల్‌ఎల్ రోగుల కణాల్లో ఈ టోపీ కట్టే గుణం బాగా తక్కువని ఆ దశాబ్దంలోనే గమనించారు. జబ్బు కణం గ్రాహకాల జాబితాలోనే కాదు, వాటిని కదిలించే తీరులోనూ వేరన్నమాట.

రెండో సాక్ష్యం మందు ఇచ్చింది. సీడీ 20 మీద గురిపెట్టే రిటుక్సిమాబ్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. పదేళ్లకు, 2007లో, అప్పటికి అమీర్‌పేటలో ప్రధాన కార్యాలయమున్న డాక్టర్ రెడ్డీస్ దానికి సాటి మందును రెడిటక్స్ పేరుతో మూలమందు కన్నా బాగా తక్కువ ధరకు తెచ్చింది. హైదరాబాదు గర్వించదగ్గ పని అది. కానీ ఈ మందు ఎక్కించిన సీఎల్‌ఎల్ రోగుల్లో కొన్ని కణాలు చావకుండా, సీడీ 20 పోగొట్టుకుని రక్తంలో మిగలడం ఫ్లోలోనే కనిపించింది. మందు అతుక్కున్న గ్రాహకాన్ని మాక్రోఫేజ్‌ల వంటి భక్షక కణాలు గొరిగినట్టు లాగేస్తాయి. జబ్బు తిరగబెట్టినప్పుడు కొందరిలో సీడీ 20 అసలే ఉండదు. గురి లేనిచోట బాణం వేస్తే ఖర్చు తప్ప ఏం మిగులుతుంది?

మైక్రోస్కోపు కింద ముక్క పరీక్ష (బయాప్సీ) చాలదా అని అనుభవజ్ఞులైన పాథాలజిస్టులే అడుగుతారు. ఆ మాటలో బలముంది. ఫ్లోకు పంపాలంటే కణజాలాన్ని విడగొట్టాలి, దాంతో బిళ్ల లోపలి అమరిక పోతుంది. హాడ్కిన్ లింఫోమాలో అరుదుగా ఉండే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు మామూలు ఫ్లోకు చిక్కవు. కాబట్టి ముక్క పరీక్షను తోసేయమనడం నా ఉద్దేశం కాదు. ముక్క అమరిక చెబుతుంది, ఫ్లో నడవడిక చెబుతుంది, రెండూ కావాలి. ఖర్చు మాటేమిటన్నది రెండో అభ్యంతరం. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని వచ్చే కుటుంబానికి ప్రతి పరీక్షా బరువే, ఒప్పుకుంటాను. అయినా పనిచేయని మందుకు పోసే డబ్బుతో, చేజారే నెలలతో పోల్చి ఆ బరువును తూచాలి.

మన దగ్గర బిళ్ల కనబడగానే టీబీ అనుకుని, ముక్క తీయకుండానే మందులు మొదలుపెట్టడం ఇంకా జరుగుతోంది. వారాలు గడిచినా తగ్గని బిళ్లకు ముక్క పరీక్ష అడగండి. లింఫోమా తిరగబెట్టిందని తెలిస్తే పాత రిపోర్టుతోనే కొత్త వైద్యానికి ఒప్పుకోకుండా, కణాల మీద సీడీ 20 ఇంకా ఉందో లేదో మళ్లీ చూడమని మీ డాక్టర్ని అడగండి.