వైద్యసేవకులు పొగ మానాలంటే

అల్వాల్ నుండి బొల్లారం, శామీర్‌పేట, మేడ్చల్ వరకు నేడు ఏ దారిన వెళ్ళినా ఏదో ఒక నర్సింగ్ హోమ్ కనిపిస్తున్నది. వేయి పడకల ఆసుపత్రిగా తలపెట్టిన టిమ్స్‌కు 2022 ఏప్రిల్ 26న మన అల్వాల్‌లోనే శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రులలో పనిచేసే వార్డుబాయిలు, అంబులెన్సు డ్రైవర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, వైద్యులు ఎందరో మన ఆలయానికి వచ్చే భక్తులే. ఇతరుల ఊపిరి నిలబెట్టే ఈ సేవకులలో కొందరు తమ ఊపిరిని సిగరెట్టుకో, బీడీకో అప్పగించి ఉన్నారు. ఊపిరితిత్తుల వైద్యునిగా చాలాకాలం పనిచేసినందున వారి అవస్థను దగ్గరగా చూశాను. మన దాతలలో ఆసుపత్రుల నిర్వాహకులు కూడా ఉన్నారు కనుక ఈ విషయం ఇక్కడ వ్రాయడం ఉచితమని తలచాను.

“అన్నీ తెలిసినవారే మానకపోతే ఎలాగండీ?” అని చాలామంది అడుగుతారు. తెలియడం వేరు, మానడం వేరు. పొగ చేసే కీడు లోకానికి స్పష్టంగా తెలిసినది వైద్యుల ప్రాణాల ద్వారానే. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు బ్రిటన్ వైద్యులకు ఉత్తరాలు వ్రాసి వారి పొగ అలవాట్లను అడిగారు. సుమారు 40,000 మంది సమాధానమిచ్చారు. వారిలో పురుష వైద్యులను యాభై సంవత్సరాలు గమనించి 2004లో ప్రకటించిన ఫలితం ఇది: పొగ మానని వారి ఆయుష్షు సగటున పది సంవత్సరాలు తగ్గింది. అరవైయవ ఏట మానినవారికి అందులో సుమారు మూడేళ్ళు, యాభైయవ ఏట మానినవారికి ఆరేళ్ళు, నలభైయవ ఏట మానినవారికి తొమ్మిదేళ్ళు తిరిగి దక్కాయి. ఆలస్యమైనదని నిరాశ చెందేవారికి ఈ లెక్క నేను తప్పక చెబుతుంటాను.

మరి అడ్డు ఎక్కడ ఉన్నది? పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలోనే మెదడును చేరుతుంది. అది అందనప్పుడు చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం కలుగుతాయి. రాత్రి మూడు గంటలకు రోగికి మందు కొలిచి ఇవ్వవలసిన మనిషికి ఇవి చిన్న బాధలు కావు. దీనికి తోడు ఆసుపత్రి పనిలో మరొక చిక్కు కలదు. పన్నెండు గంటల డ్యూటీలో పది నిమిషాలు కళ్ళు మూసుకొని కూర్చుంటే పైవారు ప్రశ్నిస్తారు. “టీ తాగి వస్తాను” అని గేటు దాటితే ఎవరూ ఏమీ అనరు. ఆ టీ బండి దగ్గరే సిగరెట్టు ఉంటుంది. చాలామంది నిజంగా కోరేది ఆ పది నిమిషాల విశ్రాంతిని. పొగ దానికి అనుమతిపత్రమైనది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక ఆచారాన్ని గమనించాలి. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చేవారు సైతం అయ్యప్ప మాల వేసుకున్న నాటి నుండి నలభై ఒక్క రోజులు పొగ ముట్టరు. శరీరానికి కలిగే బాధ మొదటి వారంలో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాలలో చాలావరకు తగ్గిపోతుంది. అనగా ఇరుముడితో కొండకు వెళ్ళే నాటికే శరీరం దాదాపు విడుదల పొంది ఉంటుంది. అయినను మాల తీసిన మరునాడే కొందరు అదే టీ బండి దగ్గర కనిపిస్తారు. దీనిని భక్తిలోపమని నిందించడం నాకు సమ్మతం కాదు. దీక్షలో ఉన్నన్నాళ్ళు చుట్టూ ఉన్నవారందరూ “స్వామీ” అని పిలిచారు, ఎవరూ సిగరెట్టు చేతికివ్వలేదు, సాయంత్రం తోటి స్వాములతో భజన ఉన్నది, గురుస్వామి కనిపెట్టుకొని ఉన్నాడు. మాలతో పాటు ఆ ఆసరా అంతా ఒక్కరోజులో తొలగిపోయింది. పని చేసేచోటు మాత్రం మారలేదు.

ఆ ఆసరాను పని చేసేచోట నిలబెట్టడమే ఆసుపత్రి చేయవలసిన పని. ఉద్యోగస్థలాలపై జరిగిన పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి: విడివిడిగా గాని గుంపుగా గాని సలహా సమావేశాలు, మందుల సాయం ఫలితమిస్తాయి, కరపత్రాలు పంచి ఊరుకుంటే దక్కేది స్వల్పం. జరిమానా ఒక్కటే చాలదు. 2003 నాటి పొగాకు చట్టం క్రింద, 2008 అక్టోబర్ 2 నుండి అమలైన నియమాల ప్రకారం ఆసుపత్రిలో పొగ త్రాగితే రూ. 200 వరకు జరిమానా విధించవచ్చు. ఆ నియమం ఉండవలసినదే. అయితే అది పొగను ప్రహరీ బయటకు పంపుతుంది, అలవాటును కాదు.

నిర్వాహకులు మొదట చేయవలసినది, మానదలచినవారి పేరు గోప్యంగా ఉంచడం. సర్వీసు రికార్డుకు ఎక్కుతుందన్న భయం ఉంటే ఎవరూ ముందుకు రారు. పొగ తాగనివారికి కూడా దక్కేట్లు డ్యూటీలో పది నిమిషాల విశ్రాంతి, కూర్చునేందుకు ఒక గది ఇవ్వాలి. వారానికొకసారి సలహా సమావేశం డ్యూటీ సమయంలోనే జరగాలి. రాత్రి పనిచేసి అలసినవారిని పగలు మళ్ళీ రమ్మనడం న్యాయం కాదు. నికోటిన్ గమ్ ఉచితంగా ఇవ్వగలిగితే మేలు. దానిని మామూలు చూయింగ్ గమ్ వలె ఆపకుండా నమలరాదు. కొద్దిగా నమిలి, నోటిలో ఘాటు తెలియగానే బుగ్గన ఉంచుకోవాలి. కోరిక ఉద్ధృతి సాధారణంగా కొద్ది నిమిషాలలో దాటిపోతుంది. బుప్రోపియాన్, వరెనిక్లిన్ వంటి మాత్రలు వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. మధ్యలో జారినవారిని మందలించక మరల చేర్చుకోవాలి. పలుమార్లు ప్రయత్నించిన పిమ్మటనే మానగలిగినవారు ఎందరో ఉన్నారు.

దీనివల్ల రోగులకు కూడా లాభమున్నది. తాను పొగ త్రాగే వైద్యుడు ఆ మాట రోగిని అడగడానికి జంకుతాడు. తాను మానిన వార్డుబాయి మాట ఆయాసంతో వచ్చిన రోగి చెవికి బాగా ఎక్కుతుంది. ఆసుపత్రికి వీల్‌చైరో, మంచమో విరాళమిచ్చే దాతలు అక్కడి సిబ్బందికి కొన్ని నెలల గమ్, ఒక సలహాదారుని వేతనం కూడా తమ జాబితాలో చేర్చవచ్చు.

కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయవాణి 1800-11-2356లో తెలుగులోనూ సలహా లభిస్తుంది. ఇక నిర్వాహకులకు నా విన్నపం ఒకటి. కార్తీకంలో మీ సిబ్బందిలో మాల వేసుకునేవారు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. వారు కొండ నుండి తిరిగి వచ్చి డ్యూటీలో చేరే రోజును ముందుగా అడిగి వ్రాసి పెట్టుకొని, మొదటి సమావేశాన్ని ఆ రోజునే ఏర్పాటు చేయండి.