అప్పుడప్పుడు ప్రింట్ తీసేవాళ్లకు ఏ ఫోటో ప్రింటర్ మంచిది? బేతంచెర్ల ఎండ, రాతి దుమ్ము లెక్కలోకి తీసుకుని చూద్దాం

ఫోటో ప్రింటర్ల రివ్యూలు చాలావరకు రోజూ ప్రింట్ తీసే స్టూడియోలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. వాటిలో స్పీడ్ ఎంత, నిమిషానికి ఎన్ని పేజీలు అన్న లెక్కలే ఎక్కువ. మీరు నెలకు ఒకటో రెండో మంచి ప్రింట్లు తీసి, ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకునే రకమైతే ఆ లెక్కలతో మీకు పెద్దగా పనిలేదు. మీ ప్రింటర్ ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌కు పని ఎక్కువైతే వచ్చే నష్టం కంటే పని లేకపోతే వచ్చే నష్టమే ఎక్కువ.

నంద్యాల జిల్లా బేతంచెర్ల లాంటి ఊళ్లో ఈ సమస్య ఇంకా పెద్దది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలిలో తేమ తక్కువ. పైగా ఊరికి పేరు తెచ్చిన బండల పాలిషింగ్ వల్ల సన్నని రాతి పొడి గాలిలో ఉంటుంది. ఫోటోలు తీయడానికి మాత్రం చుట్టుపక్కల కొదవలేదు: యాగంటి, బెలుం గుహలు, బిల్లసర్గం గుహలు, రాతి గనులు. తీసిన ఫోటోను కాగితం మీద చూసుకోవాలనిపించడం సహజం. అందుకే కొనేముందు ఈ విషయాలు తెలుసుకోండి.

మొదటి ప్రశ్న: అసలు కొనాలా?

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ దగ్గరి ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. ల్యాబ్‌లో మంచి కాటన్ పేపర్ మీద ఒక ఏ3 ప్రింట్‌కు, కొరియర్‌తో కలిపి 1,200 రూపాయలు అవుతుందనుకుందాం. ఇంట్లో అదే ప్రింట్‌కు పేపర్, ఇంక్ కలిపి 400. అంటే ఒక్కో ప్రింట్‌కు 800 మిగులుతుంది. ప్రింటర్ ధర 64,000 అయితే 80 ప్రింట్లు తీస్తేగానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. నెలకు రెండు చొప్పున అయితే మూడేళ్ల పైమాటే. మధ్యలో హెడ్ క్లీనింగ్‌కు ఖర్చయ్యే ఇంక్ ఇందులో కలపలేదు.

కాబట్టి ఏడాదికి పది, పన్నెండు ప్రింట్లకు మించి తీయనివాళ్లు కొనకపోవడమే మేలు. కర్నూలులోనో హైదరాబాద్‌లోనో పిగ్మెంట్ ఇంక్‌తో ప్రింట్ తీసే ల్యాబ్ చూసుకుని, ట్యూబ్‌లో చుట్టి పంపమనండి. ఇంట్లో ప్రింటర్ ఉంటే కలిగే అసలు లాభం డబ్బులో కాదు, చేతిలో ఉండే పట్టులో. ప్రింట్ చూసి, నీడలు కొంచెం పైకి లేపి, వెంటనే ఇంకొకటి తీసుకోవచ్చు. ఆ తృప్తి కావాలనుకుంటే ముందుకు చదవండి.

డై ఇంకా, పిగ్మెంటా?

ప్రింటర్ మోడల్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

డై ఇంక్ నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. కాగితం పైపూతలోకి ఇంకిపోతుంది. గ్లాసీ పేపర్ మీద రంగులు మెరిసిపోతాయి. నాజిల్‌లో కాస్త ఎండినా తిరిగి కరిగే అవకాశం ఎక్కువ. లోపం ఏమిటంటే వెలుతురుకు, గాలిలోని ఓజోన్‌కు త్వరగా వెలిసిపోతుంది.

పిగ్మెంట్ ఇంక్‌లో సన్నని రంగు రేణువులు ద్రవంలో తేలుతూ ఉంటాయి. అవి కాగితం పైభాగంలోనే కూర్చుంటాయి. ఎక్కువ కాలం నిలుస్తుంది, మ్యాట్ కాటన్ పేపర్ మీద నలుపు బాగా పడుతుంది. అందుకే గ్యాలరీలకు వెళ్లే ప్రింట్లు ఎక్కువగా పిగ్మెంట్‌తోనే తీస్తారు. కానీ ఒకసారి నాజిల్‌లో గట్టిపడితే వదిలించడం కష్టం.

అంటే పొడి గాలి ఉన్న ఊళ్లో, వారాల తరబడి ఖాళీగా ఉండే ప్రింటర్‌లో పిగ్మెంట్ పెట్టుకోవడం కొంచెం రిస్కే. ప్రింట్లు అమ్మేవాళ్లు, ప్రదర్శనకు పెట్టేవాళ్లు ఆ రిస్క్ తీసుకోవాలి. ఇంట్లో గోడకు పెట్టుకునేవాళ్లకు డై సరిపోతుంది. అద్దం ఫ్రేమ్‌లో పెట్టి, నేరుగా ఎండ తగలని గోడ చూసుకుంటే చాలు. వెలిసిపోతే ఫైల్ మీ దగ్గరే ఉంది కదా, మళ్లీ తీసుకోవచ్చు.

ఏ మోడల్ ఎవరికి?

*క్యానన్ సెల్ఫీ సీపీ1500:* ఇది ఇంక్‌జెట్ కాదు, డై సబ్లిమేషన్. రిబ్బన్ మీది రంగును వేడితో కాగితానికి ఎక్కిస్తుంది. ద్రవ ఇంక్ లేదు కాబట్టి నాజిల్ ఎండే ప్రశ్నే రాదు. ఆరు నెలలు అటక మీద పెట్టి తీసినా పనిచేయాలి. కానీ పోస్ట్‌కార్డ్ సైజు వరకే. ఆల్బమ్‌కు బాగుంటుంది, ఫైన్ ఆర్ట్‌కు కాదు.

*ఎప్సన్ ఎల్8050, క్యానన్ పిక్స్‌మా జీ570:* రెండూ ఏ4 సైజు, ఆరు రంగుల డై ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు. జీ570లో ఎరుపు, గ్రే అదనంగా ఉంటాయి. ఇంక్ చవక కాబట్టి పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫోటోలు ఏవైనా వీటిలో తీసుకోవచ్చు. అలా ఇంట్లోవాళ్లు వాడుతూ ఉండడమే నాజిల్‌కు మందు. బేతంచెర్లలో మొదటిసారి కొనేవాళ్లకు మా మొదటి సలహా ఈ తరగతే.

*ఎప్సన్ ఎల్8180:* ఏ3+ వరకు వెళ్తుంది. గ్రే ఇంక్ ఉండడంతో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లలో రంగు ఛాయ తక్కువగా కనిపిస్తుంది. మందపాటి పేపర్ వెనక నుంచి నేరుగా వెళ్లే దారి ఉంది. ట్యాంక్ ఖర్చుతో ఫైన్ ఆర్ట్‌కు దగ్గరగా వెళ్లాలనుకుంటే ఇది మధ్యేమార్గం.

*క్యానన్ ప్రో-200:* ఎనిమిది రంగుల డై, ఏ3+. గ్లాసీ మీద అద్భుతంగా ఉంటుంది. చిన్న కార్ట్రిడ్జ్‌లు, కాబట్టి ఇంక్ ఖర్చు ఎక్కువ.

*క్యానన్ ప్రో-300, ఎప్సన్ పీ700 తరగతి:* పది కార్ట్రిడ్జ్‌ల పిగ్మెంట్ ప్రింటర్లు, ఏ3+. మ్యాట్ కాటన్ మీద వీటి ఫలితం వేరే స్థాయి. కానీ కొన్ని రోజులు ఖాళీగా ఉంచాక ఆన్ చేస్తే క్లీనింగ్ చేసుకుంటాయి, ఆ ఇంక్ మీ జేబులోదే. నెలకు కనీసం ఆరేడు ప్రింట్లు లేకపోతే వీటి జోలికి వెళ్లొద్దు.

ఏది కొన్నా షాపులో ఒక్క మాట అడగండి: వాడేసిన ఇంక్ చేరే మెయింటెనెన్స్ బాక్స్ మనమే మార్చుకునేదేనా? కాకపోతే అది నిండినరోజు ప్రింటర్‌ను సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి.

మీ ఫోన్ ఫోటో ఎంత సైజుకు సరిపోతుంది?

12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 × 3000 పిక్సెల్స్. అంగుళానికి 300 చుక్కల లెక్కన 13 × 10 అంగుళాలు, అంటే ఏ4 హాయిగా వస్తుంది. 240 చుక్కలకు దిగితే ఏ3 కూడా వస్తుంది, గోడ మీద తేడా కనిపెట్టడం కష్టం. 50 మెగాపిక్సెల్ ఫోన్లు మామూలు మోడ్‌లో ఇచ్చేది కూడా దాదాపు 12 మెగాపిక్సెల్ ఫోటోనే. క్రాప్ చేస్తే ఆ మేరకు సైజు తగ్గుతుంది. జూమ్ చేసి తీసినవి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినవి ప్రింట్‌కు పనికిరావు. అసలు ఫైల్ తెప్పించుకోండి.

పేపర్ ఎంపిక

యాగంటి రాతి గోడలు, గనిలో కోసిన బండల గరుకు చూపించాలంటే మ్యాట్ కాటన్ పేపర్ బాగుంటుంది. బెలుం గుహల లోపలి ఫోటోలకు మాత్రం అది సరిపోదు. అక్కడ సగం ఫ్రేమ్ చీకటే. మ్యాట్ మీద నలుపు కాస్త బూడిదలా కనిపిస్తుంది. గ్లాసీ లేదా బరైటా పేపర్ మీద ఆ చీకటి లోతుగా వస్తుంది. పేపర్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ప్రింటర్‌కు తగిన ఐసీసీ ప్రొఫైల్ ఉచితంగా దొరికితే దించుకుని వాడండి. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఎడిట్ చేయండి. ప్రింట్ నల్లగా వచ్చిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ప్రింటర్ కాదు, ఎక్కువ వెలుగులో ఉన్న స్క్రీన్.

ఎండ, దుమ్ము, కరెంటు: మన ఊరి జాగ్రత్తలు

వేడి: చాలా ఇంక్‌జెట్ మాన్యువళ్లలో పనిచేసే ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రేకుల గది ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. తెల్లవారుజామున ప్రింట్ తీయండి. ఇంట్లో చల్లగా ఉండే లోపలి గదిలో పెట్టండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వొద్దు.

దుమ్ము: ప్రింట్ తీసేటప్పుడు పేపర్ మీద ఒక రేణువు ఉంటే ఇంక్ దాని మీద పడుతుంది. తర్వాత అది రాలిపోతే అక్కడ తెల్ల చుక్క మిగులుతుంది. చీకటి ఫోటోల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పేపర్‌ను ట్రేలో వదిలేయకుండా కవర్‌లో దాచండి. పెట్టేముందు ప్రింటర్‌కు దూరంగా మెత్తని బ్రష్‌తో దులపండి. ప్రింటర్ మూతలన్నీ మూసి పైన బట్ట కప్పండి.

కరెంటు: ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆఫ్ చేయండి. అప్పుడే హెడ్ తన గూటికి వెళ్లి మూత పడుతుంది. గోడ స్విచ్ కట్టేస్తే, లేదా ప్రింట్ మధ్యలో కరెంటు పోతే హెడ్ మూత లేకుండా ఎండుతుంది. ఇంక్‌జెట్ తీసుకునే కరెంటు తక్కువే కాబట్టి కంప్యూటర్ యూపీఎస్ చాలు.

వారం అలవాటు: వారానికోసారి నాజిల్ చెక్ పేజీ తీయండి. మామూలు పేజీ ప్రింట్‌లో అన్ని రంగులూ కదలకపోవచ్చు, నాజిల్ చెక్‌లో కదులుతాయి. గీతలు తెగితే ఒకటి రెండుసార్లు క్లీనింగ్ చేయండి. అయినా రాకపోతే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి. వరుసగా పదిసార్లు క్లీనింగ్ కొడితే ట్యాంక్ ఖాళీ అవుతుంది, మెయింటెనెన్స్ బాక్స్ నిండుతుంది.

మా మాట

ఏడాదికి పది ప్రింట్లయితే ల్యాబ్. ఇంటిల్లిపాదీ వాడేట్టయితే ఏ4 డై ట్యాంక్. పెద్ద సైజు, బ్లాక్ అండ్ వైట్ ఇష్టమైతే ఎల్8180. ప్రింట్లు అమ్మే ఉద్దేశం, వారం వారం తీసే ఓపిక రెండూ ఉంటేనే పిగ్మెంట్. ఊరెళ్లి రెండు నెలలు ఇల్లు తాళం వేసేవాళ్లయితే వారానికి ఒక పేజీ తీసిపెట్టే మనిషిని చూసుకున్నాకే ప్రింటర్ కొనండి.