చిన్న గుర్రం మోయగల బరువు: అంచనా పద్ధతులు – పరిశీలన

కీలకపదాలు: తట్టువ, శరీరభారం, సవారీ, జీను, యాత్రామార్గం.

1. ఉపోద్ఘాతం:

పొట్టి గుర్రాన్ని తెలుగులో తట్టువ అంటారు. గుర్రపు లక్షణాలను పరిశీలించి చెప్పే సంప్రదాయం మన సాహిత్యంలో పాతదే. మనుమంచి భట్టు హయలక్షణవిలాసము అందుకు నిదర్శనం. అయితే మోసే శక్తిని శరీరభారంతో పోల్చి, ప్రయోగాల ద్వారా అంకెల్లో నిర్ధారించడం ఆధునిక పశుశాస్త్రం చేసిన పని.

నేటి తెలుగువారిలో చాలామందికి తట్టువతో పరిచయం హిమాలయ యాత్రల్లోనే కలుగుతున్నది. గౌరీకుండం నుండి కేదారనాథానికి వెళ్లే 16 కిలోమీటర్ల ఎగుడుదారిలో నడవలేనివారు గుర్రాన్నో కంచరగాడిదనో ఎక్కుతారు. కిరాయి ఎంత అని అడిగినట్లుగా, ఈ జంతువు నన్ను మోయగలదా అని అడగడం అరుదు. ఆ రెండో ప్రశ్నకు సమాధానం రాబట్టే పద్ధతిని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. గుర్రం బరువు, మోతబరువు:

తూనిక యంత్రం లేనిచోట కొలత టేపు చాలు. ముందుకాళ్ల వెనుకభాగంలో ఛాతీ చుట్టుకొలతను, భుజం కొన నుండి పిరుదు కొన వరకు నిడివిని సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలత వర్గాన్ని నిడివితో గుణించి 11,880తో భాగిస్తే, ఎదిగిన గుర్రం బరువు కిలోల్లో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 145, నిడివి 140 అయితే ఆ తట్టువ బరువు సుమారు 248 కిలోలు.

మోతబరువు అంటే మనిషి బరువు ఒక్కటే కాదు. జీను, దాని కింద పరిచే కంబళి, చలిదుస్తులు, భుజాన ఉన్న సంచి అన్నీ అందులో భాగాలే. 65 కిలోల మనిషికి వీటి రూపంలో మరో 10 కిలోలు చేరితే మొత్తం 75 కిలోలు. పై తట్టువ శరీరభారంలో ఇది 30 శాతం.

3. ప్రయోగ ఫలితాలు:

మోత శరీరభారంలో 20 శాతం దాటరాదన్నది అశ్వపాలకులలో బాగా వ్యాపించిన సూత్రం. 2008లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు ఎనిమిది గుర్రాలపై 15, 20, 25, 30 శాతం బరువులతో ప్రయోగం చేశారు. 25, 30 శాతాల వద్ద గుండెవేగం చెప్పుకోదగినంతగా పెరిగింది. కండరాల నొప్పి 30 శాతం వద్ద స్పష్టంగా కనిపించింది. నడుము వెడల్పుగా, మోకాలి దిగువ ఎముక లావుగా ఉన్న గుర్రాలలో ఆ నొప్పి తక్కువగా ఉన్నది.

ఐస్‌లాండ్ గుర్రాలు పొట్టివైనా పెద్దవారిని మోయడంలో పేరుపొందినవి. 2017లో ప్రచురితమైన అధ్యయనంలో, తీవ్రశ్రమకు గుర్తుగా భావించే రక్తలాక్టేట్ స్థాయిని అవి సగటున 22.7 శాతం బరువు వద్దనే చేరుకున్నాయి. విడివిడిగా చూస్తే ఆ హద్దు 17 నుండి 27.5 శాతం వరకు మారింది. జపాన్ దేశవాళీ గుర్రాల నడకలోని సమతౌల్యాన్ని కొలిచిన 2013 నాటి అధ్యయనం మాత్రం హద్దును 29 శాతం దగ్గర నిర్ణయించింది.

ఈ అంకెల మధ్య భేదానికి జాతి, వేగం కొంత కారణం. కొలిచిన అంశం వేరు కావడం మరో ముఖ్యకారణం. నడక తడబడకముందే రక్తంలో అలసట కనిపించవచ్చు. కనుక తూలకుండా నడుస్తున్నది కాబట్టి హాయిగా మోస్తున్నదని అనుకోవడం సరికాదు.

4. చట్టం విధించిన హద్దు:

భారతదేశంలో 1965 నాటి భారవాహక పశువుల హింసా నివారణ నియమాలు తట్టువ వీపుపై మోపదగిన గరిష్ఠభారాన్ని 70 కిలోలుగా నిర్ణయించాయి. 350 కిలోల జంతువుకు ఇది సరిగ్గా 20 శాతం. మన ఉదాహరణలోని 248 కిలోల తట్టువకు 28 శాతం. అంటే చట్టాన్ని పాటించినంత మాత్రాన జంతువుకు సౌఖ్యం కలుగుతుందని చెప్పలేం.

5. శాతం చెప్పని విషయాలు:

పై ప్రయోగాలు ఆరోగ్యవంతమైన గుర్రాలతో, పరిమితమైన దూరాలకు జరిగినవి. కేదారనాథ మార్గం 3,500 మీటర్లకు పైగా ఎక్కుతుంది. అక్కడ గాలిలో ప్రాణవాయువు పలుచన. ఎక్కేటప్పుడు గుండెపై, దిగేటప్పుడు ముందుకాళ్లపై భారం పెరుగుతుంది. బక్కచిక్కిన, వయసు మళ్లిన, లేతవయసు జంతువులకు హద్దును ఇంకా తగ్గించాలి. కొవ్వు పట్టిన గుర్రం విషయంలో జాగ్రత్త మరీ అవసరం. దాని శరీరభారం ఎక్కువ కావడం వల్ల లెక్కలో హద్దు పెరుగుతుంది గాని బలం పెరగదు. జీను చివరి పక్కటెముకను దాటి నడుముపైకి పోతే, తక్కువ బరువు కూడా బాధిస్తుంది.

6. గుర్రం చూపే గుర్తులు:

జీను వేస్తుండగా చెవులు వెనక్కి వాల్చడం, కరవబోవడం, ఎక్కగానే వీపు కుంగదీయడం, అడుగులు కురచ కావడం, ఆగిన తర్వాత కూడా చాలాసేపటి వరకు రొప్పు తగ్గకపోవడం అధికభారానికి సూచనలు కావచ్చు. మరునాడు నడుముకు ఇరుపక్కలా అరచేతితో నొక్కినప్పుడు గుర్రం ముడుచుకుంటే కండరాలు నొచ్చాయని గ్రహించాలి. వీపుపై పుండు ఉన్న జంతువును ఏ బరువుకూ వాడరాదు.

7. ముగింపు:

చిన్న గుర్రం విషయంలో 20 శాతాన్ని ఆరంభరేఖగా తీసుకొని, దేహనిర్మాణం, దారి, జీను, అలసట గుర్తులను బట్టి దానిని సవరించుకోవాలి. తిరిగిన ప్రయాణాలను బట్టి కూలి దక్కే గుర్రపు యజమాని, వచ్చిన బేరాన్ని బరువు కారణంగా వదులుకోవడం కష్టం. అందువల్ల యాత్రికుడు సంచి దించి వేరుగా పంపడం, తన బరువుకు తగిన పెద్ద జంతువును అడగడం, నిట్రమైన దిగుడులో వీలైతే నడవడం ఆ భారాన్ని నిజంగా తగ్గించే పనులు. 248 కిలోల తట్టువపై 10 కిలోలు తగ్గితే మోత 4 శాతం తగ్గుతుంది. ప్రయోగాలలో హాయికీ నొప్పికీ మధ్య కనిపించిన దూరం సుమారు అంతే.